బిగువుగా కూర్చున్న పిడి

ఇంటి నుంచి
మార్చి 3

అన్నయ్యా,

ఫోన్ చేస్తే "ఊఁ", "సరే", "ఉంటాను" అంటావు. నాలుగో మాట నీ నోట రాదు. ఉత్తరమైతే కనీసం కూర్చుని జవాబు రాయాలి కదా, అందుకే కాగితం పట్టుకున్నాను.

మీ బావ పోయి ఎనిమిది నెలలైంది. మొన్న తూనీగ అటక మీది పెట్టె దింపింది. పందొమ్మిదేళ్ళొచ్చినా నా కూతురికి నిచ్చెన పనికిరాదు, కుర్చీ మీద స్టూలేసి ఎక్కాల్సిందే. పెట్టెలో ఆయన పెయింట్‌బాల్ మార్కర్ ఉంది, ఆ రంగు బంతులు పేల్చే ఆట తుపాకీ. నాలుగేళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాని ముందువైపు ఎడమ చేత్తో పట్టుకునే పిడి నువ్వు చేసిచ్చినదే. ఆయన ఎడమ చేతి ఉంగరపు వేలు వంగదని దానికి విడిగా గాడి పెట్టావు.

వంటింట్లోంచి తల తిప్పి చూస్తే హాల్లో ఆయన నిలబడి ఉన్నారు. వీపు నా వైపు. తల కాస్త ఎడమకి వాల్చి, ఎడమ మోచెయ్యి పక్కకి లేపి. నా చేతిలో గిన్నె జారిపోయింది. చప్పుడుకి వెనక్కి తిరిగింది తూనీగ. ఆ పిడి పట్టుకుంటే గాడి వేళ్ళని ఒక తీరుగా తిప్పుతుందట, వేళ్ళతో పాటు మోచెయ్యి, మోచేతితో పాటు తల. "అమ్మా, దీన్ని నేను పట్టుకోలేదే, ఇదే నన్ను పట్టుకుంది," అంది నవ్వుతూ. నాకు రెండు రోజులు ఆ హాల్లోకి వెళ్ళబుద్ధి కాలేదు.

ఆదివారాలు అది ఆ మైదానానికే ఆడటానికి వెళ్తోంది. వద్దంటే వినదు. నాన్న ఆడిన చోటే ఆడతాను, నాన్న మార్కర్‌తోనే ఆడతాను అంటుంది. పిడి దాని చేతికి పెద్దది. కురచ చేసి, ఆ గాడి తీసేసి పంపు. షాపులో నేను రోజుకి పది ప్యాంట్లు కురచ చేస్తాను. ఇది కూడా కత్తెరకి తెగేదైతే నిన్ను అడిగేదాన్ని కాదు.

ఇంకో మాట. "నాన్న స్క్రూ తిప్పాడా?" అని అడిగింది. రిఫరీ గారి కన్ను పోయిన రోజు సంగతి. నీకు తెలిసిందే. ఆటకి ముందు పొద్దున రిఫరీ గారే అందరి మార్కర్ల వేగం కొలిచారు. మీ బావది హద్దులోనే ఉంది. మధ్యాహ్నం అదే మార్కర్‌లోంచి వచ్చిన బంతి రిఫరీ గారి ముసుగు అద్దం పగలగొట్టి కంట్లోకి దిగింది. సాయంత్రం మళ్ళీ కొలిస్తే మళ్ళీ హద్దులోనే! మధ్యలో వేగం పెంచే స్క్రూ తిప్పాడు, పని అయ్యాక వెనక్కి తిప్పేశాడు అన్నారందరూ. వేలితో తిరిగే స్క్రూయే కదా అన్నారు. ఆయన మొదట్లో "నేను తిప్పలేదు" అనేవారు. రెండు వారాలయ్యాక ఆ మాట మానేశారు. ఎందుకు మానేశారో నాకు చెప్పలేదు. అలాగే వెళ్ళిపోయారు.

దానికి నేనేం చెప్పను?

రేపు పార్సిల్ వేస్తున్నాను.

నీ చెల్లెలు


వర్క్‌షాపు నుంచి
మార్చి 14

చెల్లికి,

పార్సిల్ అందింది. మార్కర్‌కి దెబ్బలేమీ తగల్లేదు. బంతిని తోసే గాలి సీసా ఖాళీగా ఉంది.

తూనీగ ఎడమ అరచెయ్యి కాగితం మీద ఆనించి చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. పిడికిలి బిగించినప్పుడు లోపలి చుట్టు ఎంతో టేపుతో కొలువు. నీ టేపు ఎలాగూ మెళ్ళోనే ఉంటుంది.

పనుల పుస్తకం తిరగేశాను. ఆ పిడి అయిదేళ్ళ కిందట ఆగస్టు 9, 10 తేదీల్లో చేశాను. ఏ పనికైనా ఒక్క వాక్యమే రాస్తాను. దీనికి మూడు రాసుకున్నాను. "బావ పిడి, నల్ల నైలాన్. గొట్టం మీద బిగువుగా కూర్చుంది. ఈగ కాలు దూరదు." అప్పుడు బాగా సంతోషించినట్టున్నాను.

తూనీగకి ఒక సంగతి చెప్పు. దాని మార్కర్ ముందు పిడి వట్టి పట్టు కాదు. లోపల సీసా గాలి ఒత్తిడిని తగ్గించే గొట్టం ఉంటుంది. నేను చేసింది దాని మీద తొడుగు. అందుకని ఇంట్లో కత్తి పెట్టి గీకొద్దు. అది గీకే రకమే.

మధ్యాహ్నం భోజనం అయ్యాక రోజూ ఒకసారి పట్టుకుని చూస్తున్నాను. నా వేళ్ళు కూడా ఆ గాడిలోకే పోతున్నాయి. నా ఉంగరపు వేలు బాగానే వంగుతుంది. ఆ పిడి మీద మాత్రం వంచలేకపోతున్నాను.

తూనీగ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

అన్నయ్య


ఇంటి నుంచి
మార్చి 24

అన్నయ్యా,

చేతి బొమ్మ పంపుతున్నాను. చిటికెన వేలు దగ్గర గీత వంకరపోయింది. "అమ్మ చక్కిలిగింత పెట్టింది, నా వేలు అంత లావుగా ఉండదని మావయ్యకి రాయి," అని పక్కనే కూర్చుని పోరుతోంది. రాశాను.

నిన్న షాపుకి రిఫరీ గారు వచ్చారు. మూడు వీధుల అవతలే ఉంటారు. నాలుగేళ్ళలో ఎదురుపడితే రోడ్డు దాటిపోయిన మనిషి, తనంతట తాను కౌంటరు దగ్గరికి వచ్చి ప్యాంటు ముందు పెట్టారు. "నడుము తగ్గిందమ్మా, కాస్త లోపలికి కుట్టాలి," అన్నారు. కొలత తీస్తూ ఆ నల్లద్దాల వైపు చూడకుండా నడుము దగ్గరే చూపు పెట్టుకున్నాను.

వెళ్ళబోతూ ఆగారు. "మీ అమ్మాయి బాగా ఆడుతోంది."

"నాకు తెలీదండీ, నేను చూడటానికి రాను."

"తల ఎడమకి వాలుస్తుంది," అన్నారు.

"అది వాళ్ళ నాన్న మార్కర్ పట్టుకుంటే అలా..." అన్నాను.

"ఆ మార్కర్ ఇప్పుడు తన దగ్గర లేదు కదమ్మా. అద్దెకిచ్చే మామూలు దాంతోనే ఆడుతోంది. అయినా వాలుస్తోంది."

నేను టేపు చుట్టి పక్కన పెట్టాను. ఆయనే మళ్ళీ అన్నారు. "ఆయన మీద కోపంతో చెప్పట్లేదు. ఆ మార్కర్‌ని మాత్రం మైదానంలోకి రానివ్వొద్దు. ఆ రోజు పొద్దున కొలిచింది నేనే. నా కొలతే తప్పా, ఆయన మనసే తప్పా అని ఇన్నేళ్ళుగా నాలో నేను తగువు పడుతున్నాను. రెండిట్లో ఏది నిజమైనా నాకు మంచిది కాదు."

అన్నయ్యా, నువ్వు ఇనుము చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తావు కదా. దాన్ని విప్పి చూస్తే తెలుస్తుందా, ఆయన తిప్పారో లేదో? ఏదైనా సరే చెప్పు. తిప్పారంటే తిప్పారనే చెప్పు. తూనీగ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. నాకు తెలిసి కూడా దాస్తున్నాననుకుంటోంది.

నీ చెల్లెలు


వర్క్‌షాపు నుంచి
ఏప్రిల్ 9

చెల్లికి,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. నీళ్ళ పంపులు పదకొండు ఒక్కసారే వచ్చాయి. వాటిలో నాలుగింటికి షాఫ్టులు అరిగిపోయాయి. ఓనరు "నీ కన్నా లేత్ మెషిన్ ఎక్కువ మాట్లాడుతుందయ్యా," అని వెక్కిరిస్తున్నాడు. ఎండలు ముదిరాయి. రేకుల కప్పు కదా, పదకొండింటికల్లా పెనంలా కాలిపోతోంది. కిటికీకి గోనెపట్టా తడిపి కడుతున్నాను. నీకు అక్కడ ఫ్యాను సరిగ్గా తిరుగుతోందా? తిరక్కపోతే కెపాసిటర్ మార్చాలి, చిన్న పని.

పిడి విషయం. పాతదాన్ని కొయ్యడం కంటే కొత్తది చేయడమే మంచిదనిపిస్తోంది. నైలాన్ కడ్డీ తెప్పించాను, ఈసారి బూడిద రంగు. చేతి బొమ్మ ప్రకారం చుట్టు తగ్గించి, వేళ్ళకి గాళ్ళు లేకుండా చదునుగా చేస్తాను. పాతది నా దగ్గరే ఉంటుంది. దాన్ని ఎవరూ అడగరు కదా.

ఇక్కడ ఈ ఆట ఆడించే మైదానంవాళ్ళ దగ్గర సీసాలో గాలి నింపించి, వేగం కొలిచే యంత్రం అడిగి తెచ్చాను. వెనక షెడ్డులో ఇసుక బస్తా పెట్టి పది బంతులు వేశాను. పదీ హద్దులోనే ఉన్నాయి.

స్క్రూని చూసి నాలుగేళ్ళ కిందట ఎవరు తిప్పారో చెప్పడం కుదరదు. స్క్రూ మీద వేలిముద్రలు నిలవవు. రిఫరీ గారి కొలత తప్పని కూడా చెప్పలేం. కొన్ని కొన్ని అలా జరిగిపోతాయి. పోయిన మనిషి గురించి తవ్వుకుంటూ కూర్చుంటే ఎవరికీ మంచిది కాదని తూనీగకి చెప్పు. చిన్నపిల్ల, మర్చిపోతుంది. నువ్వు కూడా వేళకి తిను. అద్దెకిచ్చే మార్కర్లు కూడా బాగానే ఉంటాయి. కావాలంటే నేనే కొత్తది కొనిస్తాను.

అన్నయ్య


ఇంటి నుంచి
ఏప్రిల్ 16

అన్నయ్యా,

నువ్వు కాగితం రెండు వైపులా రాశావు. నా ఫ్యాను గురించి కూడా రాశావు.

మనింటి పక్కవాళ్ళ రేడియో నువ్వు విప్పి పాడుచేసిన రోజు గుర్తుందా? ఎప్పుడూ నోరు విప్పనివాడివి, ఆ సాయంత్రమంతా కాకులు గూడు ఎలా కడతాయో నాకు చెబుతూనే ఉన్నావు. నాకప్పుడు ఏడేళ్ళు. అప్పుడే అర్థమైంది, నీకు మాటలొచ్చాయంటే ఎక్కడో ఏదో విరిగిందని.

ఏం దాస్తున్నావు?

ఇక్కడ సంగతి విను. మైదానం ఓనరు తూనీగని పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. "మా నాన్న ఆట మధ్యలో వేగం పెంచడం వల్లే ప్రమాదం జరిగింది. ఆ మార్కర్‌ని నేను మైదానంలోకి తీసుకురాను." కింద దీని సంతకం. పెడితేనే జట్టులోకి. మే మొదటి ఆదివారం దాకా గడువు. ఇది పెడతానంటోంది!

"ఎలా పెడతావే? నీ కన్నతండ్రి!" అన్నాను.

"తిప్పలేదని ఆయనే అనలేదు కదమ్మా. నాలుగేళ్ళు మన మధ్య కూర్చుని ఒక్కసారి అనలేదు. ఇప్పుడు నేనెందుకు అనాలి?" అంది. అని, గదిలోకి వెళ్ళి ఏడ్చింది. తలుపు వేసుకుని ఏడిస్తే నాకు వినపడదనుకుంటుంది.

సంతకం ఒకసారి పడితే అది కాగితం కాదు అన్నయ్యా, తీర్పు. దానికి పిల్లలు పుడితే వాళ్ళకి కూడా తాతయ్య మోసగాడే.

నీకు తెలిసినది రాయి. ఫ్యాను గురించి వద్దు.

నీ చెల్లెలు


వర్క్‌షాపు నుంచి
ఏప్రిల్ 22

చెల్లికి,

ఇది రెండుసార్లు రాసి చింపేశాను.

బావ స్క్రూ తిప్పలేదు. వేగం పెరిగింది నా పిడి వల్ల.

పది బంతులు హద్దులోనే ఉన్నాయని రాశాను. అది నిజం. తర్వాత జరిగింది రాయలేదు. మార్కర్‌కి సీసా తగిలించి ఉండగానే బల్ల మీద పెట్టి భోజనానికి వెళ్ళాను. ముప్పావుగంటకి తిరిగొచ్చి పదకొండో బంతి వేశాను. హద్దు సెకనుకి రెండొందల ఎనభై అడుగులు. యంత్రం మూడొందల డెబ్బై చూపించింది. యంత్రం తప్పనుకుని ఇంకోటి వేశాను. మూడొందల అరవై ఆరు. స్క్రూని నేను ముట్టుకోలేదు. షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూశానని ఒప్పుకుంటాను.

తొడుగు వదులు చేసి కాస్త లాగాను. లోపల్నించి గాలి వచ్చింది, చాలాసేపు ఊపిరి బిగబట్టిన మనిషి వదిలినట్టు. పూర్తిగా లాగేశాక గొట్టం పక్కన సూదిమొన పట్టేంత బెజ్జం కనపడింది. లోపలి రబ్బరు రింగు అరిగితే కొంచెం కొంచెంగా గాలి లీకవుతుంది. ఆ గాలి బయటికి పోవడానికే ఆ బెజ్జం పెడతారు. దాన్ని మూసేస్తే గాలి లోపలే చేరి ఒత్తిడి పెంచుతుంది. ఎంతసేపు ఆగితే అంత. సీసా తీసేసి కాసేపు ఉంచితే అది మెల్లగా దిగిపోతుంది. అందుకే పొద్దున సరిగ్గా ఉంది, మధ్యాహ్నం లేదు, సాయంత్రం మళ్ళీ సరిగ్గా ఉంది. తొడుగు తీసేసి గంట ఆగి కొలిచాను. హద్దు దాటలేదు.

ఆ బెజ్జాన్ని పిడి చేసినప్పుడే చూశాను. పోతలో మిగిలిపోయిన లోపం అనుకున్నాను. నాకు ఈ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి నేర్చుకున్నాను. తెలియనిదాన్ని అడగాలంటే నామోషీ. మార్కర్‌తో వచ్చిన పుస్తకం బావ నాకిచ్చాడు. తెరవకుండానే తిరిగిచ్చేశాను. బిగువు ఒక్కటే చూసుకున్నాను.

ఇది తెలియక చేసిన తప్పు. ఇంకోటి ఉంది.

ప్రమాదం జరిగిన వారానికి బావ నాకు రాశాడు. "బావా, పిడి మార్చాక అప్పుడప్పుడు మధ్యాహ్నాలు గట్టిగా కొడుతోంది. పిడి వల్ల ఏమైనా అవుతుందా? ఒకసారి చూస్తావా?" నేను చూడలేదు. పంపమని కూడా అడగలేదు. నా పనికి వంక పెడుతున్నాడనిపించింది. ఆ రోజే కార్డు రాసి పోస్టు డబ్బాలో వేశాను. "పిడికీ వేగానికీ సంబంధం లేదు. నువ్వే చూసుకోకుండా స్క్రూకి వేలు తగిలించి ఉంటావు."

రెండు వారాలయ్యాక "నేను తిప్పలేదు" అనడం మానేశారని నువ్వు మార్చిలో రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. బావ నా పనిని నమ్మి తన చేతిని అనుమానించుకున్నాడు. అప్పట్నించీ ఆ పిడిని బల్ల మీద ఎటు తిప్పి పెట్టినా గాడి నా వైపే ఉన్నట్టుంటోంది.

తూనీగ సంతకం పెట్టకూడదు. పాత పిడి మళ్ళీ తొడిగి మార్కర్ పంపుతున్నాను. రిఫరీ గారినే కొలవమనండి. సీసా తగిలించి ముప్పావుగంట ఆగి ఒకసారి, తొడుగు తీసి అంతే ఆగి ఇంకోసారి. అందరూ ముసుగులు పెట్టుకోండి, ముందువైపు ఎవరూ నిలబడొద్దు. నా మాట నమ్మాల్సిన పని లేదు. యంత్రం చెబుతుంది.

అన్నయ్య


ఇంటి నుంచి
మే 7

అన్నయ్యా,

ఈ ఒక్క మాట పైన రాయడానికి రెండు రోజులు పట్టింది.

ఆదివారం నేను కూడా వెళ్ళాను. నాలుగేళ్ళ తర్వాత ఆ గేటు దాటాను. ఓనరు కాగితం, పెన్ను బల్ల మీద సిద్ధంగా పెట్టుకున్నాడు. నీ ఉత్తరం ఇస్తే పైపైన చూసి, "ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళకి రాసుకున్నది సాక్ష్యమెలా అవుతుందమ్మా?" అన్నాడు.

తూనీగ పెన్ను తీసుకుని చెవి మీద పెట్టుకుంది. "సంతకం పెడతాను సార్, ఎక్కడికీ పారిపోను. ముందు మీరెళ్ళి భోంచేసి రండి. వచ్చాక ఇది ఎంత కొడుతుందో చూసి పెడతాను," అంది.

రిఫరీ గారు ఉత్తరం రెండుసార్లు చదివారు, కాగితం కంటికి ఆనించుకుని. తర్వాత కుర్చీ తెచ్చుకుని మార్కర్ ఎదురుగా కూర్చున్నారు. ముప్పావుగంట దాని మీంచి చూపు తిప్పలేదు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. చుట్టూ ఇరవై మంది ఉన్నాం, ఎవరూ దగ్గలేదు కూడా. టైమయ్యాక ఆయనే లేచి బస్తా మీదికి పేల్చారు. మూడొందల డెబ్బై రెండు.

తొడుగు కూడా రిఫరీ గారే లాగారు. నువ్వు రాసిన ఆ ఊపిరి నేను విన్నాను అన్నయ్యా. ఆయన కింద మట్టిలోనే కూర్చుండిపోయారు.

"నా కొలత తప్పు కాదు," అన్నారు. కాసేపటికి, "మనిషి కూడా తప్పు కాదు," అన్నారు. తొడుగు లేకుండా మళ్ళీ ముప్పావుగంట ఆగి రెండోసారి కొలిచారు. అది హద్దులోనే వచ్చింది. ఓనరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు.

బయటికొస్తుంటే రిఫరీ గారు నా వెనకే నడిచారు. "ఆయన ప్రతి ఆదివారం నాలుగింటికి మా గుమ్మం ముందు నిలబడేవాడమ్మా. తలుపు కొట్టేవాడు కాదు. ఊరికే నిలబడేవాడు. నేను తీసేవాణ్ణి కాదు. ఇప్పటికీ ఆదివారం ఆ వేళకి నేను తలుపు వైపు చూడను. చూడక్కర్లేదు, ఉన్నాడని తెలుస్తుంది." నాకీ సంగతే తెలీదు. ఆదివారాలు అలా నడిచొస్తానని వెళ్ళేవారు.

నీ మీద నాకేముందో ఇంకా తేలలేదు. పిడి సంగతి వదిలెయ్యి. ఆ కార్డు మాత్రం నా గొంతు దిగట్లేదు. అన్నం ముందు కూర్చుని మీ బావ తన కుడి చూపుడు వేలు అటూ ఇటూ తిప్పి చూసుకునేవారు. రోజూ! అలవాటేమో అనుకునేదాన్ని. "అన్నం చల్లారిపోతోంది, వేలు ఎక్కడికీ పోదు," అని ఎగతాళి చేసేదాన్ని కూడా. ఆ వేలు స్క్రూకి ఎప్పుడు తగిలిందా అని వెతుక్కునేవారని ఇప్పుడు తెలిసింది.

కార్డు కోసం ఇల్లంతా గాలించాను, దొరకలేదు. ఆయన అడిగినదానికి నువ్వు నాకు జవాబిచ్చావు, తూనీగకిచ్చావు, మైదానానికిచ్చావు. ఆయనకి ఇవ్వలేదు. ఆయన పేరు మీద రాయి, ఈ చిరునామాకే. నేను తెరవను.

తూనీగ ఇలా రాయమంటోంది: "కొత్త పిడి నాకు కావాలి. బెజ్జం తెరిచి ఉంచు. పార్సిల్ వేయకు, నువ్వే తీసుకురా. నిన్ను తిట్టాలి. తిట్టాలంటే మనిషి ఎదురుగా ఉండాలి."

చెల్లెలు


వర్క్‌షాపు నుంచి
మే 15

బావా,

నువ్వు అడిగినదానికి జవాబు ఆలస్యమైంది.

పిడి వల్లే. గొట్టం మీది బెజ్జాన్ని నేను మూసేశాను. నీ వేలు దేనికీ తగల్లేదు. మార్కర్ పంపేముందు నాలుగు రకాలుగా వేలు తగిలించి చూశాను, ఆ స్క్రూ పొరపాటున తగిలితే తిరిగేది కాదు, కావాలని తిప్పాలి. నువ్వు తిప్పలేదు. ఆ కార్డులో నేను రాసింది తప్పు. "పంపు, చూస్తాను" అని రాయాల్సింది.

తూనీగ పిడి పూర్తయింది. గాళ్ళు లేవు. ఎవరి వేళ్ళు వాళ్ళకి తోచినట్టు పెట్టుకోవచ్చు. బెజ్జం వచ్చే చోట తొడుగుని కిటికీలా కోశాను. కొత్త రబ్బరు రింగు కూడా తెస్తున్నాను, అక్కడికొచ్చి మారుస్తాను. పనుల పుస్తకంలో ఇంకా ఏమీ రాయలేదు, రిఫరీ గారు కొలిచాక రాస్తాను.

ఆదివారం వస్తున్నాను. మూడింటికి బస్సు దిగుతాను. మీ ఇంటికి వెళ్ళేముందు నాలుగింటికి రిఫరీ గారి ఇంటికి వెళ్తాను. నేను తలుపు కొడతాను. తీయకపోతే అక్కడే నిలబడతాను. నువ్వింకా ఆ గుమ్మం ముందే ఉంటే, కాస్త జరుగు.

నీ బావ